అణుదాడి ప్రమాదంలో ఆత్మరక్షణ: పొన్నూరు ప్రాంతవాసులు తెలుసుకొనవలసిన విషయాలు

ప్రత్యేక వ్యాసం - పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం

తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే ఇల్లు విడిచి సురక్షిత ప్రాంతానికి తరలిపోవలెనన్నది పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ప్రజలు అనుభవంతో నేర్చుకొన్న పాఠం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొని ఈ పాఠాన్ని నేర్పినది. అయితే అణుదాడి వంటి అసాధారణమైన ఆపద ఎదురైనపుడు ఇదే అలవాటు ప్రాణాంతకం కాగలదు. అణు విస్ఫోటం జరిగినచో దూర ప్రాంతాల ప్రజలకు ప్రధానమైన ముప్పు ఆకాశం నుండి రాలిపడే రేడియోధార్మిక ధూళి. ఆ సమయంలో రోడ్డుపై పయనించువాడే అధికంగా నష్టపోవును, గట్టి గోడల నడుమ ఉన్నవాడు బ్రతికి బయటపడు అవకాశం ఎక్కువ. కావున రక్షణ సూత్రం మూడు మాటలలో చెప్పవచ్చును: లోపలికి వెళ్ళవలెను, లోపలే ఉండవలెను, అధికారిక సమాచారం వినుచుండవలెను.

ఇట్టి దాడి రానున్నదని చెప్పుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విస్ఫోట కేంద్రానికి అతి సమీపంలో ఏ జాగ్రత్తయూ పూర్తి రక్షణ ఇవ్వజాలదన్నది కూడా దాచవలసిన విషయం కాదు. అయితే ఆ కేంద్రానికి వెలుపల నుండే లక్షలాది ప్రజలలో ఎందరు బ్రతుకుదురన్నది తొలి గంటలో వారు తీసుకొను నిర్ణయాలపై ఎక్కువగా ఆధారపడి ఉండును. ఆ నిర్ణయాలకు కావలసిన పరిజ్ఞానాన్ని ముందుగానే ప్రజలకు అందించుట అవసరం.

నేపథ్యం

యుద్ధ విమానాల దాడి తెలుగు నేలకు తెలియనిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి. ఆ రోజులలో చెన్నపట్నం నుండి, కోస్తా పట్టణాల నుండి పెద్దసంఖ్యలో ప్రజలు భయంతో లోనాడులకు వలసపోయిరి. బాంబుల కంటె వదంతులే ఎక్కువమందిని కదిలించినవి.

స్వాతంత్ర్యానంతరం పౌర రక్షణ చట్టం 1968లో వచ్చినది. విపత్తుల నిర్వహణ చట్టం 2005లో అమలులోనికి వచ్చి, జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రాధికార సంస్థల ఏర్పాటుకు దారితీసినది. అణు, రేడియోధార్మిక అత్యవసర పరిస్థితుల నిర్వహణపై జాతీయ విపత్తుల నిర్వహణ ప్రాధికార సంస్థ 2009లో ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించినది. ఇట్టి పరిస్థితులలో సాంకేతిక సలహా ఇచ్చు బాధ్యత కేంద్ర అణుశక్తి విభాగానిది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి చెందిన 10వ బెటాలియన్ గతంలో గుంటూరు జిల్లాలో ఉండి, అనంతరం కృష్ణా జిల్లా కొండపావులూరులోని శాశ్వత ప్రాంగణానికి మారినది. ఆ ప్రాంగణం 2025 జనవరి 19న ప్రారంభమైనది. రసాయన, జీవ, రేడియోధార్మిక, అణు ప్రమాదాలను ఎదుర్కొనుటలో ఈ దళానికి శిక్షణ ఉన్నది.

2025 మే 7న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఆదేశాల మేరకు దేశవ్యాప్తంగా ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరిట పౌర రక్షణ విన్యాసాలు జరిగినవి. విశాఖపట్నం, హైదరాబాదు నగరాలు అందులో పాల్గొన్నవి. సైరన్ మ్రోగినపుడు ఏమి చేయవలెనో నేటి తరంలో చాలామంది తొలిసారి చూచినది అప్పుడే.

ముప్పు స్వరూపం

అణ్వస్త్రం ప్రేలినపుడు ప్రమాదం ఒకదాని వెంట ఒకటిగా వచ్చును. తొలుత కన్నులను మిరుమిట్లు గొలుపు కాంతి, దానితోపాటే చర్మాన్ని కాల్చు వేడి, తొలి నిమిషంలోని తీవ్ర కిరణ ప్రసారం వెలువడును. పిదప గోడలను కూల్చు గాలి తాకిడి వచ్చును. అటుపిమ్మట, విస్ఫోటం నేలకు సమీపంలో జరిగినచో, పైకి లేచిన మట్టి రేడియోధార్మిక పదార్థాలతో కలసి గాలివాలున రాలిపడును. ఇదియే రేడియోధార్మిక ధూళి. దీనిలోని బరువైన రేణువులు ఇసుక లేదా బూడిద వలె కంటికి కనిపించవచ్చును. సన్నని ధూళి కనిపించకపోవచ్చును. దానికి రుచి గాని వాసన గాని ఉండదు.

1945 ఆగస్టు 6న హిరోషిమాపై ప్రయోగించిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు. ఆ సంవత్సరాంతానికి అక్కడ మరణించినవారి సంఖ్య సుమారు 1,40,000 అని అంచనా. అయినను విస్ఫోట బిందువుకు కేవలం 170 మీటర్ల దూరంలో కాంక్రీటు భవనం నేలమాళిగలో ఉన్న నొమురా ఎయిజో అను ఉద్యోగి ప్రాణాలతో బయటపడి 1982 వరకు జీవించెను. ఇది అరుదైన ఉదాహరణయే గాని, కాంక్రీటు, మట్టి ఎట్టి అడ్డుగోడ కాగలవో తెలుపుచున్నది.

రేడియోధార్మిక ధూళి ఎంత దూరం పోగలదో 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలో జరిగిన అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష వెల్లడించినది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో చేపలు పట్టుచుండిన జపాను పడవ ‘లక్కీ డ్రాగన్’పై కొన్ని గంటల తరువాత తెల్లని బూడిద రాలినది. అది ఏమిటో తెలియక 23 మంది జాలరులు ఆ బూడిదను ఒంటిపైననే ఉంచుకొని పనిచేసిరి. అందరూ అస్వస్థులైరి. వారిలో ఒకరు అదే ఏడాది సెప్టెంబరులో మరణించెను. ధూళి నుండి దూరంగా ఉండుట, పడినదానిని వెంటనే తొలగించుకొనుట ఎంత ముఖ్యమో ఈ ఘటన తెలుపుచున్నది.

పొన్నూరు వంటి పట్టణానికి సంబంధించినంత వరకు గుర్తించవలసినది ఇదియే. దాడి ఎక్కడో దూరాన ఉన్న నగరంపై జరిగినను, ధూళి ఇక్కడకు చేరవచ్చును. అది వచ్చు దిశను మన ఊరిలో వీచు సముద్రపు గాలిని బట్టి అంచనా వేయరాదు. ఎత్తైన ఆకాశంలోని గాలులు దానిని మోసుకొని వచ్చును, వాటి దిశ నేలపై గాలికి భిన్నంగా ఉండవచ్చును.

తొలి క్షణాలు

అసాధారణమైన మెరుపు కనిపించినచో దానివైపు చూడరాదు. నిలుచున్నచోటనే నేలపై బోర్లా పడుకొని, ముఖాన్ని, చేతులను శరీరం క్రిందికి తీసుకొనవలెను. గోడ, గట్టు, కాలువ కట్ట వంటి ఆచ్ఛాదన దగ్గరలో ఉన్నచో దాని చాటున పడుకొనవలెను. శబ్దం, గాలి తాకిడి మెరుపు తరువాత వచ్చును. ప్రతి కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు పట్టును. మెరుపును చూచి కిటికీ వద్దకు పోయినవారు పగిలిన గాజు పెంకుల వలన గాయపడు ప్రమాదం ఉన్నది. గాలి తాకిడి దాటిపోవు వరకు లేవరాదు.

తాకిడి దాటిన పిమ్మట విస్ఫోట ప్రాంతానికి వెలుపల ఉన్నవారికి ధూళి రాలుటకు ముందు సాధారణంగా పది నిమిషాలు లేదా అంతకు మించి వ్యవధి ఉండును. ఈ పది నిమిషాలను ప్రయాణానికి గాక మంచి ఆశ్రయం చేరుటకు వినియోగించవలెను. పూరింటిలో లేదా రేకుల షెడ్డులో ఉన్నవారు సమీపంలోని డాబా ఇంటికి, అంతకంటె మేలైన బహుళ అంతస్తుల భవనానికి చేరవలెను. వ్యవధి దాటినదని తోచినచో ఎదురుగా ఉన్న గట్టి భవనంలోనికి ప్రవేశించవలెను. ఆటోలు, బస్సులు, కార్లు, రైలు పెట్టెలు ఆశ్రయం కావు. విజయవాడ-గూడూరు రైలు మార్గంలోని నిడుబ్రోలు స్టేషనులో ఉన్న ప్రయాణికులు రైలు కొరకు వేచియుండక దగ్గరలోని పక్కా భవనంలోనికి పోవలెను.

కోత కాలంలో పొలాలలో వరి కుప్పలు, ఇళ్ళ ప్రక్కన గడ్డివాములు ఉండును. మెరుపు వేడికి ఇవి అంటుకొను అవకాశం ఉన్నందున వాటి సమీపంలోని ఇంటిని ఆశ్రయంగా ఎంచుకొనరాదు. ఆశ్రయం పొందిన భవనానికి నిప్పంటుకొన్నచో, లేదా కూలిపోవు స్థితిలో ఉన్నచో మాత్రం వెంటనే వేరొక భవనానికి మారవలెను.

ఎట్టి భవనం ఎంత రక్షణ నిచ్చును

కిరణాల తీవ్రతను తగ్గించునది అడ్డుగా ఉన్న పదార్థపు బరువు, దూరం. సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటు గాని, 9 సెంటీమీటర్ల గట్టి మట్టి గాని, 18 సెంటీమీటర్ల నీరు గాని ధూళి నుండి వెలువడు కిరణాలను సగానికి తగ్గించగలవు. ఈ లెక్కన అయిదు అంగుళాల స్లాబు వాటిని రమారమి నాలుగవ వంతుకు, రెండు స్లాబులు పదహారవ వంతుకు తగ్గించును. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఎనిమిదవ వంతుకు తగ్గించగలదని అంచనా వేయవచ్చును. పూరింటి కప్పు, సిమెంటు రేకు దాదాపు ఏమియు తగ్గించజాలవు.

ధూళి ఇంటి కప్పుపైన, చుట్టూ నేలపైన పేరుకొనును. కావున రెండింటికీ దూరంగా ఉండు చోటే ఉత్తమమైనది. రెండంతస్తుల ఇంటిలో క్రింది అంతస్తున, బయటి గోడలకు దూరంగా నుండు నడిమి గది మేలు. నాలుగైదు అంతస్తుల భవనంలో నడిమి అంతస్తులోని లోపలి నడవా మేలు. ఒకే స్లాబు గల ఇంటిలో బయటి గోడలకు దూరమైన గదిని ఎంచుకొని, బల్లపైన, చుట్టుప్రక్కల ఇసుక బస్తాలు, ధాన్యం బస్తాలు, పుస్తకాలు, నీటి డ్రమ్ములు పేర్చి దాని క్రింద కూర్చొనవచ్చును. బల్ల ఆ బరువును మోయగలదో లేదో ముందుగా చూచుకొనవలెను.

నేలమాళిగ అన్నింటికంటె మేలని ఇతర దేశాల సూచన గ్రంథాలలో కనిపించును. కృష్ణా పశ్చిమ డెల్టాలో భూగర్భ జలం పైననే ఉన్నందున నేలమాళిగలు అరుదు. కందకం త్రవ్వినను నీరు ఊరును. కావున మన ప్రాంతానికి తగిన ఆశ్రయం పాఠశాల, కళాశాల, ఆసుపత్రి, బ్యాంకు, అపార్టుమెంటు వంటి పక్కా భవనాల లోపలి భాగమే. తీర గ్రామాలలోని తుపాను రక్షిత భవనాలు కాంక్రీటువే అయినను, వాటిలో చాలావరకు స్తంభాలపై ఒకే అంతస్తుగా నిర్మించినవి. ఉప్పెన నీటికి అందకుండ ఎత్తున నిలుపుట వాటి ప్రయోజనం. ధూళి విషయంలో కప్పుకు దగ్గరగా ఉండుట లోపమగును. అంతకంటె మంచి భవనం సమీపంలో లేనపుడే వాటిని వాడవలెను.

ఇరువది నాలుగు గంటలు ఎందుకు

రేడియోధార్మిక ధూళి శక్తి కాలం గడచుకొలది వేగంగా క్షీణించును. కాలం ఏడు రెట్లు పెరిగినపుడు తీవ్రత సుమారు పది రెట్లు తగ్గునన్నది స్థూలమైన నియమం. విస్ఫోటం జరిగిన గంట తరువాత తీవ్రత 1000 పాళ్ళు అనుకొన్నచో, 7 గంటలకు 100 పాళ్ళు, రెండు రోజులకు 10 పాళ్ళు, రెండు వారాలకు 1 పాలు మిగులును. అనగా తొలి దినమే అత్యంత ప్రమాదకరం. తొలి గంటలలో బయటకు వచ్చి పది కిలోమీటర్లు ప్రయాణించినవాడు, అదే ప్రయాణాన్ని రెండు రోజుల తరువాత చేసినవాని కంటె ఎన్నో రెట్లు హెచ్చుగా కిరణ ప్రభావానికి లోనగును.

కావున కనీసం 24 గంటలు లోపలనే ఉండవలెను. అటుపిమ్మట కూడ అధికారుల సూచన లేనిదే వెలుపలికి రారాదు. కొన్ని ప్రాంతాలలో మరికొన్ని రోజులు లోపలనే ఉండవలసి రావచ్చును. ప్రాంతం విడిచిపోవు మార్గం, సమయం కొలమానాల ఆధారంగా నిర్ణయించవలసినవే గాని ఊహ వలన నిర్ణయించునవి కావు.

ఆశ్రయంలో ప్రవేశించగానే కిటికీలు, తలుపులు మూసి, కూలర్లు, ఏ.సి.లు, బయటి గాలిని లోనికి లాగు పంకాలను ఆపివేయవలెను. అయితే పలువురు ఉన్న గదిని గాలి చొరబడకుండ గంటల తరబడి పూర్తిగా బిగించుట ప్రమాదకరం. మూసిన గదిలో కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, జనరేటరు వాడరాదు.

పాఠశాలలోని పిల్లలు

ఆపద సమయంలో తల్లిదండ్రుల తొలి ఆలోచన పిల్లలను ఇంటికి తెచ్చుకొనుట. తుపాను వేళ అది సరియైనదే. అణు ప్రమాదంలో మాత్రం తల్లిదండ్రులు బడికి పరుగెత్తుట వలన వారును, పిల్లలును కూడ ధూళిలో చిక్కుకొందురు. పక్కా భవనం గల పాఠశాలలో లోపలి గదిలో ఉన్న పిల్లవాడు, ధూళి రాలు వేళ స్కూటరుపై ఇంటికి వచ్చు పిల్లవాని కంటె సురక్షితుడు.

ఈ నిర్ణయాన్ని ఆపద వచ్చిన నాడు తీసుకొనుట ఎవరికిని సాధ్యం కాదు. కావున కుటుంబంలోని వారందరు ముందుగానే కూర్చొని మాట్లాడుకొనవలెను. ఎవరున్నచోట వారు 24 గంటలు లోపలనే ఉండవలెనని, అటుపిమ్మట ఫలానా చోట కలిసికొనవలెనని, ఫోన్లు పనిచేయనిచో దూరపు ఊరిలోని ఫలానా బంధువు ద్వారా క్షేమ సమాచారం పంపుకొనవలెనని నిర్ణయించుకొనవలెను. ఆ ఫోను నంబరును పిల్లల పుస్తకాలలో వ్రాసియుంచవలెను. పాఠశాలల యాజమాన్యాలు పిల్లలను ఏ గదులలో ఉంచుదురో, తలుపులు ఎప్పుడు తెరచెదరో తల్లిదండ్రులకు ముందే తెలియజేసినచో వారికి నమ్మకం కలుగును. ఆ నమ్మకం లేనిచోట ఏ సూచనయూ తల్లిదండ్రులను ఆపజాలదు.

శరీర శుద్ధి

ధూళి పడినపుడు వెలుపల ఉన్నవారు లోపలికి రాగానే పై దుస్తులను, చెప్పులను గుమ్మం వద్దనే విడువవలెను. పై దుస్తులు తొలగించుటతోనే శరీరంపైని ధూళిలో 90 శాతం వరకు పోవచ్చును. వాటిని దులపక నెమ్మదిగా విప్పి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, మనుషులకు, పశువులకు దూరంగా ఉంచవలెను. పిదప సబ్బుతో, నీటితో స్నానం చేయవలెను. చర్మాన్ని గట్టిగా రుద్దరాదు, గాయాలపై కప్పి ఉంచవలెను. తలను షాంపూతో కడుగవచ్చును గాని కండిషనర్ వాడరాదు, అది రేణువులను వెంట్రుకలకు అంటుకొనునట్లు చేయును. తలకు నూనె రాయుట కూడ ఆ వేళ తగదు. స్నానానికి నీరు చాలనిచో తడి గుడ్డతో ముఖం, చేతులు, మెడ, వెంట్రుకలు తుడిచి, ఆ గుడ్డను కూడ సంచిలో వేయవలెను. ముక్కు చీది, కనురెప్పలు, చెవులు శుభ్రపరచుకొనవలెను.

ధూళి పడిన వ్యక్తి అంటరానివాడు కాడు. దుస్తులు మార్చి స్నానం చేసినవారిని ఇంటిలోనికి రానిచ్చుటకు సంశయించనవసరం లేదు. నగరాల నుండి తరలివచ్చువారు గుంటూరు-పొన్నూరు మార్గంలో వచ్చినపుడు స్థానికులు ఈ విషయం గుర్తుంచుకొనవలెను.

త్రాగునీరు, ఆహారం, పశువులు

మూతపెట్టిన పాత్రలలోని నీరు, సీలు వేసిన సీసాల నీరు సురక్షితం. మూసిన బోరు నీటికి ధూళి అంటదు. తెరపియైన కాలువలు, చెరువులు, మూతలేని ట్యాంకుల నీటిని పరీక్షించు వరకు త్రాగరాదు. డెల్టా ప్రాంతంలో త్రాగునీటి చెరువులను కాలువ నీటితో నింపుట ఆచారమైనందున ఈ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. నీటిని కాచుట వలన క్రిములు నశించునే గాని రేడియోధార్మికత పోదు.

డబ్బాలలో, మూతగల జాడీలలో ఉన్న బియ్యం, పప్పులు, అటుకులు, పచ్చళ్ళు, పొడులు, బెల్లం నిశ్చింతగా తినవచ్చును. డబ్బాను తెరచుటకు ముందు తడి గుడ్డతో తుడువవలెను. పెరటిలోని ఆకుకూరలను, చేనులోని కూరగాయలను అనుమతి వచ్చువరకు కోయరాదు.

పాడి పశువులను పాకలోనికి తోలి, గడ్డివాము పైపొరను తొలగించి లోపలి గడ్డినే వేయవలెను. అయితే ధూళి రాలు వేళ పశువుల కొరకు వెలుపలికి పోవుట తగదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో జరిగిన అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం తరువాత రేడియోధార్మిక అయోడిన్ పడిన పచ్చికను మేసిన ఆవుల పాలు త్రాగిన పిల్లలలో థైరాయిడ్ క్యాన్సర్ పెరిగినది. ఈ అయోడిన్ శక్తి ప్రతి ఎనిమిది రోజులకు సగమగును. కావున బయట మేసిన పశువుల పాలను పరీక్షలు ముగియు వరకు పిల్లలకు పట్టరాదు. నిలువయుంచిన పాలపొడి వాడవచ్చును.

అయోడిన్ మాత్రలపై అపోహలు

పొటాషియం అయోడైడ్ మాత్రలు కిరణాలన్నింటి నుండి రక్షించునన్నది అపోహ. అవి రేడియోధార్మిక అయోడిన్ నుండి థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడును. చిన్నపిల్లలకు, గర్భిణులకు ప్రయోజనం ఎక్కువ. వయస్సును బట్టి మోతాదు మారును, సమయానికి ముందు గాని వెనుక గాని వేసికొన్నచో ఫలితం తగ్గును. కావున వైద్యాధికారుల సూచనపైననే వాడవలెను. చెర్నోబిల్ అనంతరం పోలండ్ ప్రభుత్వం కోటిమందికి పైగా పిల్లలకు అయోడిన్ పంపిణీ చేసినది.

అయోడిన్ ఉప్పు ఈ మాత్రలకు ప్రత్యామ్నాయం కాదు. పెద్దలకు ఇచ్చు 130 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండును. కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్నదనుకొన్నచో, అంత అయోడిన్ కొరకు ఆరు కిలోలకు పైగా ఉప్పు తినవలెను. అది ప్రాణాంతకం. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా ప్రమాదం తరువాత చైనాలో ప్రజలు ఉప్పు కొరకు దుకాణాలపై ఎగబడిరి. గాయాలకు పూయు టింక్చర్ అయోడిన్‌ను త్రాగుట విషతుల్యం.

ముందుగా సమకూర్చుకొనవలసినవి

తుపానుల కొరకు సిద్ధపరచుకొను సామగ్రియే ఈ ఆపదకును దాదాపు సరిపోవును:

- మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు త్రాగునీరు, మూతగల పాత్రలలో. నలుగురు గల కుటుంబానికి 48 లీటర్లు. వేసవిలో ఇంకను ఎక్కువ.
- వండనవసరం లేని ఆహారం: అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు, బిస్కట్లు, పసిపిల్లలకు పాలపొడి.
- బ్యాటరీలతో పనిచేయు రేడియో, టార్చిలైటు, అదనపు బ్యాటరీలు.
- రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం వంటి వ్యాధులకు కొన్ని వారాలకు సరిపడు మందులు, ప్రథమ చికిత్స పెట్టె.
- సబ్బు, మార్పు దుస్తులు, పెద్ద ప్లాస్టిక్ సంచులు, ముక్కు, నోరు కప్పుకొనుటకు తువ్వాళ్ళు.
- మరుగుదొడ్డికి పోజాలని వేళ వాడుటకు మూతగల బకెట్టు, బ్లీచింగ్ పొడి.
- ఆధార్, రేషన్ కార్డుల ప్రతులు, కొంత నగదు, ముఖ్యమైన ఫోను నంబర్లు వ్రాసిన కాగితం.

అణు విస్ఫోటంతో వెలువడు విద్యుదయస్కాంత తరంగం విద్యుత్ సరఫరాను, ఫోను టవర్లను స్తంభింపజేయవచ్చును. నంబర్లను ఫోనులో మాత్రమే దాచుకొన్నవారు అపుడు ఇబ్బంది పడుదురు.

హెచ్చరికలు, వదంతులు

పౌర రక్షణ విధానంలో హెచ్చుతగ్గుల స్వరంతో రెండు నిమిషాలు మ్రోగు సైరన్ ప్రమాద సూచన. ఏకస్వరంతో రెండు నిమిషాలు మ్రోగునది ప్రమాదం తొలగినదను సూచన. మొబైల్ ఫోన్లకు పెద్ద శబ్దంతో నేరుగా హెచ్చరిక పంపు విధానాన్ని 2023లో దేశంలోని పలు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా పరీక్షించిరి. 1948 నుండి పనిచేయుచున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం, స్థానిక మైకు ప్రచారం ఇతర సాధనాలు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ సహాయ నంబర్లు 112, 1070, 18004250101.

పాత్రికేయులకు ఇక్కడ గురుతరమైన బాధ్యత ఉన్నది. విపత్తుపై తప్పుడు హెచ్చరికలను సృష్టించి లేదా వ్యాప్తి చేసి భయాందోళనలు కలిగించినవారికి విపత్తుల నిర్వహణ చట్టం 54వ విభాగం క్రింద ఏడాది వరకు జైలు గాని జరిమానా గాని విధించవచ్చును. అంతకంటె ముఖ్యమైనది, “ఊరు ఖాళీ చేయుచున్నారు” అను ఒక్క నిరాధారమైన వార్త వేలాదిమందిని ధూళి రాలు వేళ రోడ్డుపైకి తేగలదు. వార్తలో ఏ ప్రాంతం వారు లోపల ఉండవలెనో, ఏ గంట వరకు ఉండవలెనో, ఆ సూచన ఎవరు ఇచ్చిరో స్పష్టంగా పేర్కొనవలెను.

అధికారుల దృష్టికి

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పొన్నూరు, తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోను చేరినవి. ఒకే రహదారిపై, ఒకే రైలు మార్గంపై ఉన్న ఊళ్ళకు రెండు జిల్లాల యంత్రాంగాల నుండి సూచనలు అందును. ఇరు జిల్లాల ప్రకటనలు పరస్పర విరుద్ధంగా ఉండకుండ చూచుట ఆవశ్యకం.

తుపాను ప్రణాళికలో ప్రతి గ్రామానికి పునరావాస కేంద్రాల జాబితా ఉండును. అదే జాబితాలో రెండు లేదా అంతకు మించి స్లాబులు గల భవనాలను, వాటి లోపలి గదుల సామర్థ్యాన్ని, మూతగల నీటి ట్యాంకులు, మూసిన బోర్లు ఉన్నచోట్లను అదనంగా గుర్తించినచో ప్రత్యేక వ్యయం లేకుండ ఉపయోగపడును. పూరిళ్ళు, రేకుల ఇళ్ళు ఎక్కువగా గల కాలనీల వారికి పది నిమిషాలలో నడచి చేరగల భవనం ఏదో ముందే చూపవలెను. ఆ భవనాల యజమానులు ఆపద వేళ తలుపులు తెరచునట్లు అంగీకారం పొందవలెను. గట్టి ఇల్లు లేనివాడు పొరుగువాని గుమ్మం ముందు నిలిచిపోవు పరిస్థితి రాకూడదు. రక్షణ ఏర్పాటులో అన్నింటికంటె కఠినమైన భాగం ఇదియే.

రెండు ఆపదలకు రెండు పాఠాలు

1977 ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. 1990 మే నెలలో కృష్ణా తీరాన్ని దాటిన తీవ్ర తుపానులో లక్షలాది ప్రజలను ముందుగా తరలించుటతో మృతుల సంఖ్య వెయ్యి లోపునకు పరిమితమైనది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినది. తుపాను రెండు మూడు రోజుల ముందే కబురు పంపి వచ్చును. అణు ప్రమాదం నిమిషాల వ్యవధి కూడ ఇవ్వకపోవచ్చును. తుపానులో ముందుగా కదలినవాడు బ్రతుకును, అణు ప్రమాదంలో వెంటనే లోపలికి చేరి, తొందరపడి వెలుపలికి రానివాడు బ్రతుకును.

తుపాను పాఠం నేర్చుకొనుటకు ఈ ప్రాంతం ఒక తరాన్ని కోల్పోవలసి వచ్చినది. రెండవ పాఠాన్ని ఆ మూల్యం చెల్లించకయే నేర్చుకొనవచ్చును. అందుకు కావలసినవి మూతగల బిందెలో నీరు, పనిచేయు రేడియో, ముందే గుర్తించిన గట్టి గది, “ఎవరున్నచోట వారే ఆగవలెను” అని కుటుంబమంతయు కలసి చేసికొన్న ఒడంబడిక.